కొలతల పుస్తకం

ఎస్సెమ్మెస్ లైన్లు ఇంకా మూయలే.
టీవీల యాంకరమ్మ "మీ ఓటే వీళ్ల తలరాత" అంటున్నది.
కృష్ణానగర్ రెండో గల్లీల, రేకుల షెడ్డుల
నేనప్పటికే అయిదు జాకెట్లకు బట్ట కత్తిరించిన.

పేర్లు రాయలే చానలోళ్లు, ఉత్త నంబర్లు పంపిండ్రు.
చాతీ ముప్పై ఆరు, బుజం పదిహేడు, చెయ్యి ఇరవై మూడు.
పన్నెండు మందిని చుట్టొచ్చిన టేపుకు
ఏ నంబరు ఎవరిదో తెల్వదా?

బొల్లారం చర్చిల పాడే పిల్ల ఒకతుండె, ఫిలోమినా.
బుజం పదమూడున్నర.
లిస్టు మూడు సార్లు చూసిన. పదమూడున్నర లేదు.
ఆ పిల్ల నాయిన ఆటో ఎన్క బిడ్డ ఫొటో కట్టుకోని
లాలాపేట, తార్నాక, హబ్సిగూడ తిరుగుకుంట
"చిల్లర మీరే ఉంచుకోన్రి సార్, ఒక్క మెసేజ్ కొట్టున్రి" అనెటోడు.

ఫైనల్ నాడు ఆమె గౌను అంచు ఊడింది.
కింద కూసోని నేనే కుట్టిన.
"అక్కా, నాకొస్తదా?" అని అడిగింది.
నోట్లె గుండుసూదులు ఉన్నప్పుడు మాట్లాడొద్దు,
మా పనిల మొదటి పాఠం అదే.
ఆ రోజు మస్తు పనికొచ్చింది.

సంగీతం సారు పెట్టిన పేరు పంచమం.
మీటింగుల తోక కోసి పంచ్ అన్నరు.
జగద్గిరిగుట్ట కొమురెల్లి కైరవ్ అయిండు.
ధూల్‌పేట బల్వంత్ బాలీ అయిండు.
లష్కర్ల పుట్టిన ఉజ్జయినిని జైనీ అని పిలవబట్టిరి,
వాళ్లమ్మ స్టూడియో గేటు కాడికొచ్చి పాత పేరు చెప్తే
వాచ్‌మెన్ అట్లాంటోళ్లు ఎవరూ లేరన్నడు.
సుహైల్‌కు గడ్డం పెంచమన్నరు, తియ్యమన్నరు, మళ్ల పెంచమన్నరు.
శ్రీవైదేహి "నాకు నీలం పడదు" అంటే
"జనానికి పడ్డది" అన్నరు.

మొదటి ఏడు నెక్లెస్ రోడ్డు మీద షో. బారికేడ్లు వంగినయ్.
పాటంతా ముందే రికార్డు.
"మైకుకు వైరు లేదక్కా, లోపల బ్యాటరీ గూడ లేదు,
మంచి బరువైన గంటె" అని బల్వంత్ నవ్వెటోడు.
రెండో ఏడు చీరల దుకాణాలకు రిబ్బన్లు.
మూడో ఏడు కూకట్‌పల్లిల, డీసీఎం మీద నిలబడి,
సెల్‌ఫోన్ షాపు ముంగట.
ఎండకు వైదేహి కళ్లు తిరిగితే
ఆ జాకెట్ గుండీలు విప్పనీకె ఎవరి పర్మిషనో అడిగిండ్రు.

పదిహేడేండ్ల పిల్ల. రెండేండ్లల్ల చెయ్యి అంగుళంన్నర పెరిగింది.
నా పుస్తకంల ఉన్నది.
వాళ్ల అగ్రిమెంటుల ఆ సంగతి లేదు.

నాలుగో ఏడు ఫోనొచ్చింది:
"మణక్కా, కొత్త సీజన్‌కు కొత్త అయిదుగురు.
పాత జాకెట్లనే సర్దు. రంగులు జనానికి అలవాటైనయ్."
నాలుగొచ్చినయ్, అత్తరు వాసనతోటి, చెమట వాసనతోటి.
ఎర్రది రాలే.
పోయిందని రాసుకోని, కొమురెల్లి ఆఖరి చెక్కుల కోసిండ్రు.

మొన్న వానకు తడుసుకుంట వచ్చిండు కొమురెల్లి.
బాలానగర్ల లేత్ మిషన్ మీద చేస్తున్నడట.
క్యారీ బ్యాగుల నుంచి తీసిండు ఎర్రదాన్ని.
"బస్తీ గణేశ్ స్టేజి మీద పాడమన్నరు.
ఈసారి మైకుకు వైరున్నదక్కా. ఇది పట్టేటట్టు చెయ్యి."

పక్క కుట్లు విప్పిన.
లోపల బట్ట విడవొద్దు, ఉబ్బెత్తు కనబడ్తదని
అప్పట్ల చానలోళ్లు ఎన్నిసార్లు చెప్పిండ్రో.
నేను రెండంగుళాలు విడిచిన. ఎదిగే పోరలాయె.
బయట గుడ్డ ఇటుక రంగుకు దిగింది.
లోపలిది ఇంక ఆ మొదటి నాటి ఎరుపే.

"ఇస్త్రీ పెడితే పోతదా ఈ గీత?"
పోదన్న.

అద్దం ముంగట చేతులు లేపి నిలబడ్డడు.
టేపు వేస్తుంటె, అద్దంల నన్నే చూసుకుంట
"నిజం చెప్పక్కా, మాకు ఓట్లు పడ్డయా?" అన్నడు.

బయట వాన రేకుల మీద పడుతున్నది.
నోట్లె సూదులు ఒక్కొక్కటి తీసి
అయస్కాంతం మీద పెట్టిన.